పై కౌంటర్ మోగలేదు

దయ్యాలంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. మేం ఉదయగిరి బాప్టిస్టులం. నమ్మకూడదని చర్చిలో చెప్పారు, నమ్మక్కర్లేదని ఉద్యోగంలో నేర్పారు. పిచ్చోడనుకున్నా ఫర్వాలేదు, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా నాయన క్వారీలో రాళ్ళు కొట్టేవాడు. కుడిచేతి చిటికెన వేలు సగం పేలుడులో పోయింది. ఆ చేత్తోనే నన్ను గొడ్డును బాదినట్టు బాదేవాడు, అడ్డమొస్తే అక్కను. కొట్టేసి, చెయ్యి కడుక్కుని, పనికి పోయేవాడు. నొప్పెట్టిందా అని ఒక్కనాడూ అడగలేదు. అక్క పన్ను రాలగొట్టిన రోజు నేను ఆయన మీదికి గడ్డపార ఎత్తాను. ఆ అక్కే నా కాళ్ళకు చుట్టుకోకపోతే చంపేసేవాణ్ణి. అదే రోజు ఇల్లు వదిలాను.

తొంభైల మొదట్లో కర్ణాటకలో ఒక బంగారు గని అడుగున, న్యూట్రినోల కోసం పెట్టిన ప్రయోగంలో హెల్పర్‌గా చేరాను. న్యూట్రినోలంటే దేన్నీ తాకకుండా దూరిపోయే కణాలు. ఎప్పుడో ఒకటి తగిలితే మా కౌంటర్లు పట్టుకుని కాగితం చుట్ట మీద గీత గియ్యాలి. చిక్కేమిటంటే, ఆకాశం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు కొన్ని అంత రాయినీ తొలుచుకుని దిగుతాయి. దారిలో ఏ పరమాణు కేంద్రకాన్నో పగలగొట్టి వెళ్ళిపోతాయి. పగిలిన ముక్క కాసేపు ఊరుకుని, తర్వాత పేలుతుంది. అది న్యూట్రినోలా కనబడి మోసం చేస్తుంది. అందుకే పైనుంచి దిగేవాటిని పట్టే పై కౌంటర్ మోగితే, ఆ తర్వాత కాసేపు కాగితం మీద పడిన గీతలన్నీ ఎర్ర పెన్సిల్‌తో కొట్టెయ్యాలి. అదే నా పని.

ప్రయోగం నడిపే సారు ఇది చెప్పినప్పుడు నాకు గడ్డపార గుర్తొచ్చింది. కొట్టినవాడు ఎప్పుడో పోతాడు, పేలేది తర్వాత.

ఒక బుధవారం మధ్యాహ్నం ఒకటింబావు. స్టూలు మీద ఒక్కణ్ణే కూర్చుని కాగితం చుట్ట చూస్తున్నాను. ఎడమ చెంప ఫెడేల్మంది. కింద పడ్డాను. నోట్లో రక్తం. భయం వెయ్యలేదు, ఒళ్ళు మండింది. కొట్టినవాడి బుర్ర పగలగొడదామని స్పానర్ పట్టుకుని సొరంగం మలుపు దాకా పరిగెత్తాను. అక్కడ ఎవరూ లేరు.

అప్పుడు నా వెనక గోడ పేలింది. అంత లోతులో ఒత్తిడికి రాయి బాంబులా పేలడం ఉంది. దుమ్ము తగ్గాక చూస్తే నా స్టూలు నుజ్జునుజ్జయింది.

కాగితం చుట్ట మర్నాడు దొరికింది. ఒకటింబావుకు పై కౌంటర్ మోగలేదు. పైనుంచి ఏదీ దిగలేదు. చెంపకు రాయి తగిలిందని అందరికీ చెప్పాను. అద్దంలో కనిపించింది మాత్రం మూడున్నర వేళ్ళ అచ్చు.

రెండు వారాల తర్వాత సెలవు దొరికింది. ఏడేళ్ళ తర్వాత ఊరికి బయల్దేరి, ముందు ఆత్మకూరులో అక్క ఇంట్లో దిగాను.

"నాయన చెయ్యి ఇరిగిందిరా. ఈడే ఆసుపత్రిలో కట్టు కట్టించినాం" అంది అక్క. "రెండు వారాల కింద బుధవారం అన్నం తింటా తింటా లేచి, 'లెయ్‌రా ఆణ్ణించి' అని అరిచి గోడను కొట్టినాడంట. ఒంటిగంట బస్సు పోయినాక."

ఉదయగిరిలో నాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కుడిచేతికి పిండికట్టు. నా చెంప మీద అచ్చు అప్పటికి పూర్తిగా మాసిపోయింది. దాని సంగతి నేను అక్కకు కూడా చెప్పలేదు. ఆయన ఎడమచేత్తో నా గడ్డం పట్టుకుని, మొహం తిప్పి, ఆ చెంపనే చూశాడు.

"గట్టిగా కొట్టినానారా?" అన్నాడు.

లేదు నాయనా అన్నాను. ఏడుపు ఆగలేదు.

ఆయన పోయి చాలా కాలమైంది. అంత రాయిని ఆ చెయ్యి ఎలా దాటిందో కొట్టిన ఆయనా చెప్పలేదు, దెబ్బ తిన్న నాకూ ఇప్పటికీ తెలియదు.