నవ్వినవాళ్లు బోర్డు దగ్గరికి రావాలి

మంగళవారం ఉదయం మా ఆఫీసుకు ఫోను వచ్చింది. గుణదలలో మా ఎదురింటి లెక్కల టీచరుగారు బడికి బయల్దేరుతూ గుమ్మంలోనే కూలిపోయారనీ, డాక్టరు వచ్చేసరికే ప్రాణం పోయిందనీ చెప్పారు. మరణవార్త రాసేముందు పేరు, వయసు, వీధి సరిచూసుకోవడం విలేకరిగా నాకు అలవాటు. మూడూ సరిపోయాయి. అయినా మళ్లీ అడిగాను. ముందురోజు సాయంత్రమే ఆవిడ మా అరుగు మీద కూర్చుని, బుధవారం జరగబోయే పదో తరగతి లెక్కల పేపరు గురించి మాట్లాడి వెళ్లారు. ఆవిడ బెంగంతా ఒక్క పిల్ల గురించే.

ఆ పిల్ల పేరు హలీమా. నిజాం గుర్రపు దళంలో కొలువుకు ఆఫ్రికా నుంచి హైదరాబాదు వచ్చినవాళ్ల సంతతి. తండ్రి రైల్వేలో బొగ్గింజను ఫైర్‌మన్. బెజవాడకు బదిలీ అయ్యాడు. హైదరాబాదులో ఉర్దూలో చదివిన పిల్ల ఇక్కడ ఎనిమిదిలో తెలుగు మీడియంలో చేరింది. ఆమె రంగు, జుట్టు చూసి వీధిలో పిల్లలు వెంటపడేవారు. నోరు విప్పితే క్లాసు నవ్వేది.

చేరిన కొత్తలోనే డ్రిల్లు మాస్టారు వచ్చి, లెక్కల పీరియడులో ఆ పిల్లను పరుగుపందాలకు పంపమన్నారట. ఆమె పరిగెత్తగా ఎప్పుడైనా చూశారా అని టీచరుగారు అడిగారు. చూడలేదు గాని, మనిషిని చూస్తే తెలియడం లేదా అన్నారాయన.

"మరి నన్ను చూస్తే ఏం తెలుస్తోందండీ? వంట బాగా చేస్తాననా? మా ఆయన్నడగండి."

మాస్టారు మళ్లీ రాలేదు.

అలాంటి ఆవిడ కూడా ఒక పొరపాటు చేశారు. నవ్వులపాలు కాకూడదని హలీమాను క్లాసులో ప్రశ్నలడగడం మానేశారు. మొదటి పరీక్షలో పిల్ల తప్పింది. తల్లి బడికి వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోకుండా మాట్లాడింది.

"అందర్ని అడుగుతరంట. మా పిల్లను అడగరంట. ఎందుకమ్మా?"

మిగతా పిల్లలు నవ్వుతారని టీచరుగారు చెప్పారు.

"నవ్వనియ్యండమ్మా. ఇంట్ల మేం గూడ నవ్వుతం. మీరు అడగండి."

ఆ సాయంత్రం టీచరుగారు మా ఇంటికి వచ్చి ఈ సంగతంతా చెప్పారు. "జాలిపడి పిల్లను మూలకి నెట్టేశానండీ" అన్నారు. మర్నాడు హలీమాను బోర్డు దగ్గరికి పిలిచారు. లెక్క తప్పింది. వెనక బెంచీ నవ్వింది. నవ్వినవాళ్లు వచ్చి ఆ లెక్కలో తరవాతి మెట్టు చెయ్యాలని ఆవిడ అప్పటికప్పుడు నియమం పెట్టారు. ఒకసారి ఎవరి జవాబుకో తనకే నవ్వొచ్చిందట. నియమం ప్రకారం తనే సుద్దముక్క అందుకున్నారు.

ఆదివారాలు చర్చి అయ్యాక హలీమా వాళ్ల రైల్వే క్వార్టర్సుకు వెళ్లేవారు. "పాఠం నాకు కాదు, మీ అమ్మకి చెప్పు" అనేవారు హలీమాతో. పిల్ల ఉర్దూలో తల్లికి త్రిభుజాలు వివరిస్తుంటే, ఆ భాష ముక్క రాని టీచరుగారు పక్కన కూర్చుని టీ తాగేవారు.

మంగళవారం నేను ఇల్లు చేరేసరికి హలీమా టీచరుగారి ఇంటి మెట్టు మీద కూర్చుని ఉంది. భూస్థాపన బుధవారం ఉదయమని నిర్ణయమైంది. పరీక్షా అదే వేళకి. తను రాయననీ, ఇక్కడే ఉంటాననీ అంటోంది. తల్లి బతిమాలింది, కసిరింది. పిల్ల కదల్లేదు.

టీచరుగారి భర్త పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, మితభాషి. లోపలికి వెళ్లి చర్చి అయ్యగారితో మాట్లాడి వచ్చారు. ఎండలు ముదిరాయి, ఆలస్యం కూడదని బంధువులు అంటున్నా, ఇంకా ఐసు తెప్పించమన్నారు. తరవాత హలీమా ముందు నిలబడ్డారు.

"నువ్వొచ్చేదాకా ఆవిణ్ణి కదపం. వెళ్లి రాసిరా అమ్మా."

బుధవారం మధ్యాహ్నం పిల్లలు పరీక్ష నుంచి నేరుగా వచ్చారు, పరీక్ష అట్టలతోనే. సమాధుల తోటలో ప్రార్థన జరిగింది. అందరూ పిడికెడు మట్టి వేశారు. ఇది రాసేటప్పటికి రెండు రోజులైంది. వాస్తవాలన్నీ నా దగ్గర ఉన్నాయి, నమ్మడమే కుదరడం లేదు.

ఆ రోజు పెద్దలు గేటు వైపు నడుస్తుంటే నేను వెనక్కి తిరిగి చూశాను. చివరి లెక్క ఎలా చేశావని ఒక కుర్రాడు హలీమాను అడిగినట్టున్నాడు. ఆమె పుల్ల తీసుకుని, సమాధి పక్కన తవ్విపోసిన మట్టిలో త్రిభుజం గీసింది. చర్చి పెద్ద ఒకాయన వాళ్లను కసరబోతే, టీచరుగారి భర్త ఆయన మోచెయ్యి పట్టుకుని ఆపారు. అట్టలు చంకలో పెట్టుకుని పిల్లలంతా ఒంగి చూస్తున్నారు. ఆ కుర్రాడు ఏదో అడ్డు చెప్పి, అరచేత్తో ఒక గీత చెరిపేశాడు. హలీమా అతని చెయ్యి పక్కకి తోసి, మళ్లీ గీసింది.