పంటికి కళాయి

నా చిన్నప్పుడు మా ఇంట్లో పిల్లల పళ్ళు తోమే అధికారం అంతా మా నాయనమ్మదే. పళ్ళు మావి, వేలు ఆవిడది.

పొద్దున్నే దొడ్లో నీళ్ళ తొట్టి పక్కన పీట వేసుకుని కూర్చునేది. చేతిలో కొబ్బరి చిప్ప, అందులో ఇటుక పొడి. పాత గోడ కూలినప్పుడు ఏరి దాచుకున్న ఇటుక ముక్కల్ని రోట్లో దంచి, పల్చటి గుడ్డలో జల్లించి, కాస్త ఉప్పూ పొయ్యిలో బొగ్గూ నూరి కలిపేది. నా తలని మోకాళ్ళ మధ్య ఇరికించి, దవడ పట్టుకుని, ఆ పొడితో అడ్డంగా రుద్దేది. రోటి పచ్చడి కూడా అంత కసిగా నూరరు ఎవరూ. ఎర్రగా ఉమ్మితే అది ఇటుక రంగో, చిగుళ్ళ నెత్తురో నాకు తెలిసేది కాదు. ఎవరికైనా కోపం వస్తే పళ్ళు రాలగొడతామని తిడతారు. మా నాయనమ్మ ప్రేమతోనే ఆ పని చేస్తూ వచ్చింది.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, నాకు ఒళ్ళు మండిపోయి. నేనుండేది నరసరావుపేటలో మా అబ్బాయి దగ్గర. మొన్న మా మనవరాలు ఫోన్లో చూసి ఏదో పేస్టు తెప్పించింది. మూత తీస్తే కాటుకలా నల్లగా ఉంది. ఇదేందే అంటే బొగ్గు పేస్టు నాయనమ్మా, పళ్ళు తళతళలాడతాయి అంది. మా నాయనమ్మ పైసా తీసుకోకుండా పూసిన బొగ్గుని వీళ్ళు డబ్బు పోసి, ఇంటికి తెప్పించుకుని మరీ పూసుకుంటున్నారు. దాని తండ్రి మాత్రం తక్కువ తిన్నాడా? కత్తెర చేతికందే చోట మేకుకి వేలాడుతుంటే నూనె ప్యాకెట్ పళ్ళతోనే చింపుతాడు, సోడా మూతా పళ్ళతోనే లాగుతాడు. మనవడు నిమ్మసోడా తాగి, అడుగున మిగిలిన ఐసు ముక్కలు పటపటా నమిలి, ఆ పులుపు నోట్లో ఉండగానే బ్రష్షు పట్టుకుని బరబరా రుద్దుతాడు. అదేమంటే శుభ్రమట. చెప్పీ చెప్పీ నా నోరే అరిగిపోయింది. వీళ్ళకి చెప్పేకంటే గోడకి చెప్పుకోవడం నయమనిపించి, ఇలా కాగితం మీద పెడుతున్నాను.

గురజాల నుంచి మాచర్ల వెళ్ళే దారిలో, లోపలికి ఉంటుంది మా ఊరు. మా వైపు గోంగూర లేకుండా పూట గడవదు, పులుపు లేకుండా ముద్ద దిగదు. అలాంటి ఇంట్లో పుట్టి నేను పులుపుకి భయపడే రోజు వచ్చింది. పాలపళ్ళు ఊడి కొత్తపళ్ళు వచ్చిన రెండు మూడేళ్ళకే ముందు పళ్ళు జివ్వుమనడం మొదలుపెట్టాయి. కుండలో నీళ్ళు తాగితే జివ్వు, గోంగూర ముద్ద తగిలితే జివ్వు. వేసవిలో పిల్లలంతా అరుగు మీద చేరి మామిడికాయకి ఉప్పూ కారం అద్దుకుని కొరుకుతుంటే, నేను పక్కన కూర్చుని గుటకలు మింగేదాన్ని. అన్నం కూడా దవడ పళ్ళ వైపుకి నెట్టుకుని తినేదాన్ని. తినడం తగ్గి పుల్లలా అయ్యాను.

ఇంకో సంగతి ఏమిటంటే, నా పళ్ళు చిగుళ్ళ దగ్గర పసుపుపచ్చగా కనబడసాగాయి. అదీ అసలు చిక్కు. మా నాయనమ్మ దవడ పట్టుకుని చూసి, తీర్పు చెప్పేసింది.

"పాచి కట్టింది చూడు దీని నోరు! చానా గట్టిగా తోమితేగాని వదలదు."

అప్పటినుంచి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. తోమేకొద్దీ పసుపు ఎక్కువైంది. పసుపు ఎక్కువయ్యేకొద్దీ ఆవిడ తోముడూ ఎక్కువైంది. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, సరిగ్గా అదే. ఇలాగే సాగితే పెద్దమనిషిని కాకముందే నా పళ్ళు మా నాయనమ్మ పళ్ళలా అయిపోతాయని నాకు దిగులు పట్టుకుంది.

మా అమ్మ అత్తగారి ఎదట నోరెత్తే మనిషి కాదు. ఒకే ఒక్కసారి, గుమ్మం పక్కన నిలబడి అన్నది నాకు గుర్తుంది.

"పిల్లకి జివ్వుమంటన్నయ్యంట అత్తయ్యా. కాస్త మెల్లగా..."

"నేను పుట్టిన కాడ్నించి దీంతోనే తోమతన్నా. నాకేమైందే?"

ఏమైందో ఊరంతా చూస్తూనే ఉంది. ఆవిడ ముందు పళ్ళు మొక్కజొన్న పొత్తు ఒలిచేసిన చోట మిగిలిన మొదళ్ళలా ఉండేవి. వక్క నమల్లేక చిన్న కల్వంలో దంచుకుని వేసుకునేది. చల్లటి మజ్జిగ తాగితే కళ్ళు గట్టిగా మూసుకునేది. అయినా ఏమీ కాలేదట. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. మా నాన్నకి చెప్పుకుంటే మీ ఆడవాళ్ళ గొడవల్లోకి నన్ను లాగొద్దని తువ్వాలు భుజాన వేసుకుని పొలం వెళ్ళిపోయాడు. నా పళ్ళు ఆడవాళ్ళ గొడవ ఎప్పుడయ్యాయో నాకు నేటికీ అర్థం కాలేదు.

మా నాయనమ్మకి ప్రాణమైన వస్తువు ఒకటుండేది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి పులుసు గిన్నె. వెడల్పు మూతి, లోపలంతా తెల్లటి కళాయి పూత. ఈ కాలం పిల్లలకి కళాయంటే తెలియదు. ఇత్తడిలో పులుపు వండితే చిలుమెక్కి కూర విషమవుతుంది. అందుకని లోపల తగరం కరిగించి పల్చగా పూసేవారు. ఆ పూత ఉన్నంతకాలమే ఆ గిన్నెలో పులుసు. కాబట్టి తోమడానికీ ఒక కట్టుబాటు ఉండేది. బయటి వైపు చింతపండూ ఇటుక పొడీ పెట్టి కొబ్బరి పీచుతో ఎంత రుద్దినా సరే, లోపల మాత్రం మెత్తటి బూడిదతో చేత్తో తుడిచినట్టు తోమాలి. లోపల ఇటుక పొడి రేణువు కనబడితే ఆ పూట మా అమ్మకి అన్నం సయించకుండా తిట్టేది నాయనమ్మ.

మిరపకాయలు ఎండబెట్టిన రోజుల్లో ఒక మధ్యాహ్నం నాయనమ్మ కల్లం దగ్గర కాపలాకి వెళ్ళింది. అమ్మ వంటింట్లోంచి ఆ గిన్నె తెచ్చి తొట్టి పక్కన బోర్లించకుండా వెల్లకిలా పెట్టింది. నా పళ్ళు తోమే కొబ్బరి చిప్ప అందుకుంది. గుప్పెడు ఇటుక పొడి గిన్నె లోపల పోసి, పీచు తీసుకుని రుద్దడం మొదలుపెట్టింది. అమ్మకి మతి చలించిందనుకున్నాను. వద్దమ్మా అని చెయ్యి పట్టుకుంటే విదిలించుకుని మళ్ళీ రుద్దింది. చెమట కారి గిన్నెలో పడుతున్నా ఆపలేదు. తెల్లదనం మచ్చలు మచ్చలుగా పోయి, కిందనుంచి పసుపు మెరవసాగింది. అప్పుడు కడిగి, నాయనమ్మ రాగానే కంటపడేలా వాకిట్లో ఎండకి పెట్టింది.

నాయనమ్మ వచ్చింది. చూసింది. కల్లం దాకా వినబడేలా కేకేసింది.

"ఏమే! కళ్ళు పోయినయ్యా నీకు? కళాయి గిన్నెలో ఇటుక పొడి ఏసి తోముతారటే!"

పక్కింటి పిన్ని గోడ మీదుగా తల పెట్టి, అత్త మీద కోపం దుత్త మీద చూపిందమ్మా కోడలు అని ఒక మాట విసిరింది. మా అమ్మ ఆ మాట పట్టించుకోలేదు. చేతులు కట్టుకుని, చాలా నెమ్మదిగా అంది.

"తెల్లగా వచ్చిద్దని తోమానత్తయ్యా. తోమేకొద్దీ పసుపే కనపడతంది. ఇంకాస్త గట్టిగా తోమమంటారా?"

"తోమితే పోయిద్దటే పిచ్చిమొహమా! అది మురికి కాదే, లోపలి ఇత్తడి! పైన కళాయి అరిగిపోతే ఇత్తడి బయటపడక ఏమైద్ది? ఇంకా తోమితే..."

అక్కడ ఆగిపోయింది. ఎందుకంటే అమ్మ అప్పటికే నన్ను ముందుకి లాగి, బొటనవేలితో నా పైపెదవి ఎత్తి పట్టుకుంది.

నాయనమ్మ గిన్నెలోకి చూసింది, నా నోట్లోకి చూసింది, మళ్ళీ గిన్నెలోకి చూసింది. "ఎండలోకి తిరుగు" అంది నాతో. దవడ పట్టుకుంది గానీ, మొదటిసారి ఆ చేతికి బలం లేదు. చాలాసేపు చూసి, కొంగుతో మొహం తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

తప్పయిందని ఒప్పుకుందనుకునేరు. ఒప్పుకుంటే ఆవిడ మా నాయనమ్మ ఎందుకవుతుంది? తన పుట్టింటి గిన్నెని కోడలు పాడుచేసిందని ఆ వేసవంతా వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ చెప్పింది. ఎందుకు పాడుచేసిందో మాత్రం ఒక్కరికీ చెప్పలేదు. మా అమ్మా చెప్పలేదు. ఎంత అన్యాయమని నేను లోపల్లోపల ఉడికిపోయేదాన్ని. కానీ ఆ మర్నాడు పొద్దున నన్ను మోకాళ్ళ మధ్య ఇరికించలేదు. వేపపుల్ల ఒకటి తెచ్చి, కొసని రాయి మీద మెత్తగా చితక్కొట్టి ఇచ్చింది. నమిలి మెత్తబరచడానికి ఆవిడకి పళ్ళేవి?

"మెల్లగా. పైనించి కిందికి. గట్టిగా రుద్దమాక."

చెప్పి, తాను మాత్రం తొట్టి పక్కన కూర్చుని అదే ఇటుక పొడితో తోముకుంది! నీకెందుకు నాయనమ్మా అది అని అడిగితే, నా గిన్నె ఎప్పుడో ఇత్తడైపోయిందిలే అంది. అంత తెలిసీ మానదు. ఈ వంశంలో మొండితనం ఎక్కడినుంచి వచ్చిందో వెతకనక్కర్లేదు.

తొలకరికి ముందు కళాయి పూసే అతను ఊళ్ళోకి వచ్చాడు. మా వాకిట్లోనే కొలిమి పెట్టాడు. గిన్నెని కాల్చి, తగరం ముక్క తగిలించి, దూదితో గబగబా తిప్పాడు. చూస్తుండగానే పసుపంతా పోయి, లోపల పాలు పోసినట్టు తెల్లబడింది. నాయనమ్మ ఆ గిన్నెని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. తర్వాత నన్ను దగ్గరికి పిలిచి నా తల మీద చెయ్యి వేసింది.

"ఏమయ్యా, ఈ పిల్ల పళ్ళక్కూడా ఇట్టా ఒక పూత ఏసి పోరాదూ."

అతను పెద్దగా నవ్వాడు. పళ్ళకి కళాయి ఏసేవోడు ఇంకా పుట్టలేదు పెద్దమ్మా అన్నాడు. చుట్టూ చేరినవాళ్ళంతా నవ్వారు, అమ్మ కూడా నవ్వింది. నాయనమ్మ నవ్వలేదు. నా తల మీద చెయ్యి అలాగే ఉంచి, కొలిమి చల్లారేదాకా నిలబడింది. అప్పటిదాకా ఆవిడ మీద ఉన్న కోపం నాకు ఆ పూట ఎక్కడికి పోయిందో తెలియదు. ఏడుపొచ్చింది.

ఆ ముందు పళ్ళు నాకు ఇప్పటికీ ఉన్నాయి. చల్లటి నీళ్ళకి ఇప్పటికీ జివ్వుమంటాయి. ఇక్కడి పళ్ళ డాక్టరమ్మ చూసి, పై పొర అరిగిందండీ, అరిగింది తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోండి అంది. మెత్తటి బ్రష్షు వాడమంది, చెయ్యి తేలిగ్గా ఉంచమంది, పులుపు తిన్నాక ముందు నీళ్ళతో పుక్కిలించి కాసేపు ఆగాకే తోముకోమంది. ఫీజు తీసుకుని ఆవిడ చెప్పినదాంట్లో సగం మా అమ్మ ఒక్క గిన్నెతో ఏనాడో చెప్పేసింది.

ఆ గిన్నె నా దగ్గరే ఉంది. నల్ల పేస్టు వచ్చిన రోజున అటక మీదనుంచి దింపించి, మనవరాలి ముందు పెట్టి, ఈ కథంతా చెప్పాను. శ్రద్ధగా వింది. గిన్నె ఎంత బాగుందో నాయనమ్మా అని నాలుగు వైపులా ఫోటోలు తీసుకుంది. మరి ఆ పేస్టో అంటే, ఇంకా సగం ఉంది, అయ్యాక మానేస్తాలే అంది. ఇంకేం చెబుతాం!

సరే, దాన్ని అనడం దేనికి. అద్దం ముందు బ్రష్షు పట్టుకుంటే, పసుపుపచ్చటి పళ్ళు చూసి నా చెయ్యే తెలియకుండా బరువెక్కుతుంది. ఇన్నేళ్ళయినా మా నాయనమ్మ వేలు వచ్చి నా వేళ్ళ మీద కూర్చుంటుంది. అప్పుడే వెనకనుంచి, చేతులు కట్టుకుని, చాలా నెమ్మదిగా మా అమ్మ అడుగుతుంది, ఇంకాస్త గట్టిగా తోమమంటారా అత్తయ్యా అని. నా చెయ్యి తేలికవుతుంది.