సగంలో ఆగిన తిట్టు

నా చిన్నప్పుడు భిలాయి క్యాంప్ వన్‌లో మా మామ్మ నోటికి భయపడని మనిషి లేడు. కొళాయి దగ్గర ఎవరైనా వరస తప్పి బిందె పెడితే వాళ్ల ఏడు తరాలనూ ఎత్తి కడిగేసేది. అదే నోటితో ఆదివారం ప్రార్థన చేసేది. తొంభైల మొదట్లో ఆ పేటలోని తెలుగువాళ్ల ప్రార్థన కూడిక మా ఇంట్లోనే జరిగేది. మామ్మకు ఈ లోకంలో గర్వమంటూ ఉంటే అదొక్కటే.

ఆ కూడిక పక్కింటాయనకు కంటగింపు. మాదీ ఆయనదీ ఒకటే గోడ. జాముల్ సిమెంటు ఫ్యాక్టరీలో నైట్ షిఫ్ట్ చేసి వచ్చి పగలు పడుకునేవాడు. మేం పాట ఎత్తుకోగానే రోకలితో గోడను బాదేవాడు. సున్నం పెళ్లలు ఊడి మా చాప మీద పడేవి. ఒక ఆదివారం ఏకంగా గుమ్మంలోకి వచ్చి, "బంద్ చెయ్యండి! మీ దేవుడికి నిద్దర లేదు సరే, నాకైనా ఉండొద్దేటి?" అని అరిచి, నా చేతిలోని కంజీర లాక్కుని కాలితో తొక్కేశాడు. నేను గొల్లుమన్నాను. మామ్మ లేచింది. "నీ జిమ్మడ!" అని మొదలుపెట్టి, ఆయన్నీ, ఆయన్ని కన్నవాళ్లనీ, చివరికి ఆయన పాడెనూ వదల్లేదు. చేతిలో బైబిలు ఉండగానే!

కూడిక నడిపే పాస్టరుగారు మెత్తని మనిషి. అయినా ఆ రోజు తల దించుకుని, ఈ ఇంట్లో ఇంకోసారి ఇలాంటి మాట వినబడితే కూడిక వేరే ఇంటికి మార్చుకుందామని చెప్పి వెళ్లిపోయారు. ఆ వారమంతా మామ్మ సరిగా అన్నం తినలేదు. "ఇంత వయసొచ్చీసింది, నన్ను దేవుడు కూడా మార్చలేడే," అని నా దగ్గర ఏడ్చింది. నాకు మాత్రం ఆ పక్కింటాయన కాళ్లు విరగ్గొట్టాలనిపించింది.

తర్వాతి ఆదివారం మా చిన్నాన్న ఆయన చెవులు చిల్లులు పడాలని డోలక్ తెచ్చాడు. నాకూ అదే కావాలి. మామ్మ దాన్ని లాక్కుని మంచం కిందికి తోసేసింది. "దేవుడికి చెవుడేటి? మెల్లగా పాడండి. ఆడు రాత్రంతా పన్జేసొచ్చేడు," అంది. గుసగుసగా పాడాం. నాకు ఒళ్లు మండిపోయింది. అంత మెల్లగా పాడినా ఆ మహానుభావుడు గోడ బాదనే బాదాడు. సున్నం పెళ్ల ఒకటి సరిగ్గా మామ్మ తెరిచిన బైబిలు మీద పడింది.

"నీ జి..." అంది మామ్మ.

అందరం పాట ఆపేశాం. మామ్మ చీరకొంగు నోట్లో కుక్కుకుంది. మెడ నరాలు ఉబ్బాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి. కాసేపటికి కొంగు తీసి పాస్టరుగారి వైపు చూసింది.

"సగమే తిట్టేనయ్యగారూ. పోయినోరం మొత్తం తిట్టీసేను. మిగిలిన సగం పోయేదాకా దేవుడూ ఓపిక పట్టాల, నేనూ పట్టాల."

పాస్టరుగారు ఆ బైబిలు మీది సున్నం దులిపి, తర్వాతి చరణం ఎత్తుకున్నారు. కూడిక మా ఇంట్లోనే ఉండిపోయింది.

పక్కింటాయన మారాడనుకునేరు! ఇల్లు ఖాళీ చేసేదాకా బాదుతూనే ఉన్నాడు. తలుచుకుంటే నాకిప్పటికీ మంటే. మామ్మ నోరు నాకే వచ్చింది మరి. జుట్టు నెరిసినా అది తగ్గలేదు. కానీ నోరు జారిన రోజు నన్ను నేను ఛీకొట్టుకోవడం మానేశాను. "ప్రభువా, ఇవాళ సగమే ఆపగలిగాను," అని ఉన్నదున్నట్టు చెప్పుకుని, మర్నాటికి మళ్లీ ఓపిక అడుగుతాను.