నా వేషం కట్టిన మేనల్లుడు

మా మేనల్లుడు పోయాడని మంగళవారం ఉదయం ఆరుంబావుకు ఫోన్ వచ్చింది. వాడికి నలభై మూడేళ్ళు నిండలేదు. కాలేయం చెడిందని హైదరాబాదులో పంతొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉంచారు. గురజాల తీసుకొస్తున్నాం, వస్తారా అని అడిగింది వాడి భార్య. ఆ అమ్మాయికి అలా అడగవలసి రావడం నా మూలానే.

నరసరావుపేట నుంచి నేను చేరేసరికి ఇంటిముందు షామియానా కింద జనం కిక్కిరిసి ఉన్నారు. కొందరు ఫోన్లెత్తి ఫోటోలు తీస్తున్నారు.

"చెప్పులు బయట ఇడిచి రాండయ్యా. చావింటికొచ్చారా, సంతకొచ్చారా?" అన్నాను.

వెనక ఎవరో ఫక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకున్నారు. వాళ్ళను తప్పు పట్టను. ఆ గొంతు, ఆ విరుపు ఎనిమిదేళ్ళుగా టీవీలో వాడి నోట విన్నవాళ్ళు.

కోటప్పకొండ తిరనాళ్ళలో ఎత్తుగా కట్టి ఊరేగించే ప్రభల ముందు చీర కట్టి జనాన్ని నవ్వించినవాడు, టీవీ కామెడీ స్కిట్లలోనూ ముసలమ్మగానే స్థిరపడ్డాడు. ఆ ముసలమ్మ నేనే. పాలు దగ్గరుండి కొలిపించుకోవడం, ఇంటికొచ్చిన పిల్లలచేత ఎక్కాలు అప్పచెప్పించడం, కింద పడ్డ మెతుకు ఏరించడం, అన్నీ నావే. మొదట్లో నాకు లోలోపల ముచ్చటగానే ఉండేది. షూటింగ్ అయ్యాక ఫోన్ చేసి, "అత్తా, ఇయ్యాల చానా బాగా చేశావ్" అనేవాడు. అంత వంగి నడుస్తానంట్రా నేను, అని కసిరేదాన్ని.

మా ఆయన పెద్దకర్మ నాడు భోజనాలకు ఇరుగుపొరుగు నుంచి స్టీలు గ్లాసులు తెచ్చాం. ఎవరివి వాళ్ళకు చేరాలి కదా. ఏడుస్తూనే, గ్లాసుల మీద కొట్టించిన పేర్లు చదివి వేరు చేశాను. వాడు పక్కనే కూర్చుని ఒక్కొక్కటీ అందించాడు. మూడు నెలలకు అది టీవీలో వచ్చింది. "నన్నొదిలి పోయావా" అని గుండెలు బాదుకుంటూ మధ్యలో ఆగి, "ఒరేయ్, సుబ్బమ్మోళ్ళయి రెండు గ్లాసులు తక్కువున్నయ్, చూడు" అన్నాడు. ఊరంతా నవ్వింది. నా మనవరాలూ నవ్వింది. నా గడప తొక్కొద్దని వాడికి కబురు పంపాను.

ఏడాదీ నాలుగు నెలలు రాలేదు. తర్వాత ఒక మధ్యాహ్నం వచ్చాడు. కిటికీలోంచి చూశాను. కళ్ళు పచ్చబడ్డాయి, చొక్కా భుజాల మీద వేలాడుతోంది. నేను తలుపు తీయలేదు. గేటు బయట నిలబడే చెప్పాడు.

"అత్తా, నువ్వు ఏడుస్తా కూడా లెక్క తప్పలేదు. అంత గట్టి మనిషిని నేను యాడా చూళ్ళేదు. ఆ మాట నీకు చెప్పటం చేతగాక నవ్వించాను. నాకొచ్చింది అదొక్కటే."

కాసేపు చూసి వెళ్ళిపోయాడు. ఈసారి వస్తే తీద్దాంలే అనుకున్నాను. అప్పటికి వాడి చేతిలో తొమ్మిది వారాలే ఉన్నాయని నాకు తెలియదు.

గురజాలలో, లేవదీసే ముందు, దగ్గరకు వెళ్ళి చూశాను. వేషం కోసం కనుబొమలు దారంలా సన్నగా తీయించుకునేవాడు. జబ్బుపడి వేషాలు మానాక అవి మళ్ళీ పెరిగాయి. ఒత్తుగా, నడుమ కలిసిపోయి, అచ్చం మా అన్నయ్యవే. ముసలమ్మ పోయి, నేను ఎత్తుకుని తిప్పిన పిల్లవాడి ముఖం బయటపడింది. ఎడమ కనుబొమ మీద వెంట్రుకలు చెదిరి ఉన్నాయి. దండ సర్దే వంకతో వంగి, బొటనవేలితో వాటిని మెల్లగా దిద్దాను.