రాతి చర్చిలో మా ఇత్తడి బాకాలు

నా చిన్నప్పుడు, మీరెవరి పిల్లలని ఎవరైనా అడిగితే, ముందు మా ముత్తాత సంగతి చెప్పి ఆ తర్వాతే మా నాయన పేరు చెప్పమని ఇంట్లో నేర్పారు. మా ముత్తాత పూతలపట్టు చుట్టుపక్కల ఊళ్లకు మిట్టాదారు. ఆ ఊళ్ల శిస్తు ఆయన చేతిమీదుగానే సర్కారుకు చేరేది. మా తాత వెళితే చిత్తూరు కలెక్టరు కచ్చేరీలో కుర్చీ వేసేవాళ్లు. ఈ మాటలు చెప్పడానికి నాకిప్పటికీ మొహమాటం లేదు. లేనిది కల్పించుకుని చెప్పడం లేదు కదా.

మా తాత మద్రాసు నుంచి ఒక బ్యాండు సెట్టు తెప్పించాడు. పొడుగు బాకాలు, చుట్టలు తిరిగిన బాకాలు, తాళాలు, ఇద్దరు పట్టుకుంటే గానీ లేవని డ్రమ్ము. వాటిని పెళ్లిళ్లకు పంపేవాళ్లు కాదు, బంధువులు అడిగినా ఇచ్చేవాళ్లు కాదు. మా ఊరి స్వామి పల్లకీ బయలుదేరేటప్పుడు మాత్రమే అవి మోగాలి. మొదటి బాకా వినిపించగానే ఇంట్లో ఎవరు ఏ పనిలో ఉన్నా లేచి నిలబడాలి. అన్నం తింటున్నా సరే, ఎంగిలి చేత్తోనే లేవాలి. పల్లకీ వీధి మలుపు తిరిగి బ్యాండు ఆగేదాకా మళ్లీ కూర్చోకూడదు. నాకు నడక రాకముందే నన్ను ఎత్తి నిలబెట్టేవాళ్లట.

మిట్టాలు రద్దయ్యాయి. తాత పోయాడు. పల్లె వదిలి మేం చేరిన చిత్తూరు ఇంటిని కూడా బెల్లం మండీ యజమాని కొనుక్కున్నాడు. మేం అదే వీధి చివర బాడుగ ఇంట్లో చేరాం. చివరికి మా చిన్నాయన ఆ బ్యాండు సెట్టును కూడా అమ్మాడు. కొన్నది దొరల కాలంలో కట్టిన రాతి చర్చివాళ్లు. వాళ్ల సంఘంలోని యువకులు నేర్చుకుని, చర్చి పండుగ సాయంత్రం మొదటి బ్యాండు కచ్చేరీ పెట్టుకున్నారు. పాస్టరుగారు మర్యాదగా మా ఇంటికి వచ్చి పిలిచి వెళ్లారు.

"ఆడికి పోతే ఊరంతా మన మొగం సూసి నవ్వుతాదిమా. మన సామాను ఇంకొకరు వాయిస్తావుంటే మనం పోయి కూసుని వినాల్నా?" అన్నాడు చిన్నాయన.

"అమ్ముకున్నాం, దొంగతనం సెయ్యలేదే. యాల దాంకోవాల?" అంది మా అవ్వ.

ఆమెకు మిగిలింది ఒకే ఒక ఆరణి పట్టుచీర. అంచు దగ్గర కుట్టిన చోటు లోపలికి పోయేలా కట్టుకుని, నా చెయ్యి పట్టుకుని బయలుదేరింది. నాకు తొమ్మిదేళ్లు ఉంటాయేమో. వెళ్లాలని నాకు ఏమాత్రం లేదు. మా ఇల్లు కొన్న మండీవాళ్ల అమ్మాయిది నా తరగతే.

చర్చి లోపల చల్లగా ఉంది. గోడలకు బిగించిన రాతి పలకల మీద ఎప్పుడో పోయిన దొరల పేర్లు చెక్కి ఉన్నాయి. ఊరి పెద్దలకు ముందు వరసలో కుర్చీలు వేశారు. మిగతావాళ్లంతా చాపల మీద ఒకవైపు ఆడవాళ్లు, ఒకవైపు మగవాళ్లు కూర్చున్నారు. మండీ యజమాని, ఆయన భార్య, వాళ్ల అమ్మాయి కుర్చీల్లో ఉన్నారు. పాస్టరుగారు కుర్చీ చూపిస్తే అవ్వ వద్దని, చాపల మధ్యలో దారి చేసుకుని కూర్చుంది.

బ్యాండు మొదలైంది. పల్లెలో మా వీధిలో మోగినప్పుడు ఆ శబ్దం పొలాల మీదుగా వెళ్లిపోయేది. ఇక్కడ పైకప్పుకు తగిలి తిరిగి మా మీదికే వచ్చింది. పక్కకు చూస్తే అవ్వ లేదు. లేచి నిలబడి ఉంది.

అంతమంది కూర్చుని ఉంటే ఆమె ఒక్కతే నిలబడింది. వెనక నుంచి నవ్వులు మొదలయ్యాయి. నేను కొంగు పట్టుకుని లాగాను. పొరపాటు ఆమెకూ తెలిసింది. ఒక్క క్షణం నా వైపు చూసింది, మోకాళ్లు వంగబోయాయి కూడా. అంతలో వెనక నుంచి ఎవరో అరిచారు.

"అవ్వా, కూసోమ్మా! మాకు ఏమీ కనపడలా!"

వంగబోయిన మోకాళ్లు బిగుసుకున్నాయి. "వినేదానికి గదమే వచ్చిండేది, సూసేదానికి ఏముండాదాడ?" అంటూనే నా రెక్క పట్టుకుని పైకి లేపింది.

కుర్చీలోంచి మండీ యజమాని భార్య వెనక్కి తిరిగింది. "అమ్మేసినా ఇంకా తమ సొత్తే అనుకుంటా ఉండాదే పెద్దమ్మ" అంది, అందరికీ వినపడేటట్టు.

"అమ్మింది ఇత్తడి సామాను. కాళ్లు అమ్మలేదు" అంది అవ్వ.

పాస్టరుగారు మెల్లగా వచ్చి, "అమ్మా, ఇక్కడ కూర్చునే వినొచ్చు" అన్నారు. ఆయన మంచికే చెప్పారు.

"తెలుసు సామీ" అంది అవ్వ.

మాతో పాటు ఎవరూ లేవలేదు. ఒక పాట అయ్యాక కూర్చుంది, రెండోది మొదలవగానే మళ్లీ లేచింది. ప్రతి పాటకూ అంతే. చివరికి వచ్చేసరికి ఎవరూ నవ్వడం లేదు. నా కాళ్లు లాగుతున్నాయి గానీ, మండీవాళ్ల అమ్మాయి నా వైపు చూసినప్పుడు నేను తల దించలేదు.

ఇంటికి నడిచి వస్తూ అవ్వ చెప్పింది. "అలవాటు కొద్దీ లేచినానే. పొరపాటే. కానీ వాళ్లు నవ్వినాక కూసుంటే, మన ఇంటి మర్యాద కూడా పొరపాటే అని నేనే ఒప్పుకున్నట్టు గదా?" దారిలో రెండుసార్లు గోడ పట్టుకుని ఆగింది. కాళ్లు నొచ్చి ఉంటాయి. నాకు చెప్పలేదు.

ఆ రోజు నుంచి బాకా వినిపిస్తే నేను కూర్చోలేదు. తిరుపతి కల్యాణ మండపాల్లో పెళ్లికొడుకు ఊరేగింపు బ్యాండుతో వచ్చినప్పుడు నేను లేచి నిలబడితే మా కోడలు సిగ్గుపడుతుంది. పడనీ. ఈ ఏడాది అదే చర్చిలో మళ్లీ బ్యాండు కచ్చేరీ జరిగితే మనవరాలిని వెంటబెట్టుకుని వెళ్లాను. ఇప్పుడు అందరికీ కుర్చీలే. ఆ బాకాలు కూడా పాతవి కావు, కొత్తవి. పక్కనున్న ఆవిడ నా చేతికర్ర చూసి, "కూర్చోండి పెద్దమ్మా, మోకాళ్లు పట్టేస్తాయి" అంది.

"తెలుసమ్మా" అన్నాను.

పాట అయిపోయేదాకా నిలబడ్డాను. మనవరాలు ఒకసారి చుట్టూ చూసి, ఫోను సంచిలో పెట్టి, తనూ లేచింది. నేను లేపలేదు.

పూతలపట్టు రోడ్డు పక్కన, తాతల ఆస్తిలో మాకు మిగిలిన ఆ ఒక్క మామిడి తోటను కూడా నిరుడు అమ్మేశాం.