ఉస్తాద్‌కు వాయించాల్సిన పాట

పెళ్లి ఊరేగింపులో తుకారాం క్లారినెట్ పట్టుకుని నడుస్తుంటే బుగ్గలు ఉబ్బుతాయి, వేళ్లు కదులుతాయి, శబ్దం మాత్రం రాదు. మా బోయిన్‌పల్లి గల్లీలో ఈ సంగతి అందరికీ తెలుసు. వెనక బండిలో డీజే దద్దరిల్లిపోతుంటే, ముందు ఎర్ర కోట్లు వేసుకున్న మనుషులు నిండుగా కనబడితే చాలు. అందుకే బ్యాండ్‌లో సగం మంది ఉత్తుత్తినే ఊదుతారు. ఫోటోలోకి కోట్లు కావాలి గానీ పాట ఎవడికి కావాలి?

ఒకప్పుడు తుకారాం అలా కాదు. మార్కెట్‌కు కూరగాయల లారీలు వచ్చే వేళకే లేచి రియాజ్‌కు, అదే సాధనకు, కూర్చునేవాడు. మా రెండిళ్లకూ ఒకటే గోడ, నా నిద్ర ఏమైపోయేదో మీరే ఊహించుకోండి. డీజేలు వచ్చాక రియాజ్ తగ్గింది, తర్వాత ఆగిపోయింది. బాధపడ్డాడా అంటే అదీ లేదు.

"ఊదినా గంతే, ఊదకున్నా గంతే అన్నా," అన్నాడొకసారి, చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్ ముంచుకుంటూ. నాకు ఒళ్లు మండింది. ఏడిస్తే ఓదార్చవచ్చు. ఇలా గోడలా కూర్చున్నవాడితో ఏం చెయ్యాలి?

అతనికి క్లారినెట్ నేర్పిన ఉస్తాద్ ఓంప్రకాశ్ వెనక గల్లీలోనే ఉండేవాడు. ఊపిరితిత్తులు పాడై మంచం పట్టాడు. ఒకరోజు తుకారాంను పిలిపించుకున్నాడు.

"నేను పోయిన్నాడు డీజే గీజే పెట్టనియ్యకు. నా పాట నువ్వు వాయించాలె."

ఆ పాట ఉస్తాద్ సొంతంగా కట్టుకున్నది. శవం వెంట నడిచేటప్పుడు తప్ప ఇంకెక్కడా వాయించేవాడు కాదు. నేర్పింది ఒక్క తుకారాంకే.

తుకారాం తలూపి వచ్చి, ఇంట్లో పెట్టె తెరిచి ఊదితే గాలి ఒక్కటే వచ్చింది. ఇన్నేళ్ల ఉత్తుత్తి ఊదుడుతో పెదవికి పట్టు పోయింది. మళ్లీ ఊదబోతే భార్య శ్యామలమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

"సావు పాట ఇంట్ల ఊదకయ్యా! పెద్దాయన ఇంకా బతికుండంగనే గీ పనేంది?"

అతనికి ఆ సాకు చాలు. రోజూ పెట్టె దాకా వెళ్లేవాడు, దాని పక్కన కాసేపు కూర్చునేవాడు, లేచేవాడు. రియాజ్ చేస్తే ఉస్తాద్ చావుకు తయారవుతున్నట్టు. చేయకపోతే ఆ రోజు కూడా బుగ్గలు ఉబ్బించి నడవాల్సిందే. ఆయన్ను సాగనంపే పాట ఉంటుందో ఉండదో ఇతని చేతుల్లోనే ఉంది, ఇతను చేతులు ముడుచుకుని కూర్చున్నాడు.

ఉండబట్టలేక నేనే వెళ్లి ఉస్తాద్‌కు చెప్పేశాను. చాడీ అనుకుంటే అనుకోండి. ఆయన నవ్వబోయి దగ్గాడు.

"ఇంట్ల వద్దంటే నా తాన్కి రమ్మను. పొయ్యేటోణ్ణి నేను, నాకేం అపశకునం?"

మర్నాడు పొద్దున్నే తుకారాం ఆ మంచం ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. నేనూ వెంట వెళ్లి రోజూ గుమ్మంలో కూర్చుని వినేవాణ్ని. ఆ పాటలో ఒక మలుపు ఉంది. పై స్వరం నుంచి ఊపిరి తెగకుండా కిందికి దిగాలి. తుకారాంకు అక్కడే తెగేది. ఉస్తాద్ కళ్లు తెరవకుండానే చెయ్యెత్తి, "మల్ల" అనేవాడు. ఇతను మొదటినుంచి ఎత్తుకునేవాడు. అక్కడికి రాగానే మళ్లీ తెగేది.

"ఇప్పుడన్నా మనసు పడుతున్నదా?" అని అడిగాను.

"మనసుదేముందన్నా. ఆయన మల్ల అంటడు, నేను మల్ల ఊదుత. పొద్దుగాల లేస్తె కాళ్లు అటే పోతున్నయ్."

పెదవి పగిలింది, మానింది, గట్టిపడింది. శబ్దం నిండుగా రావడం మొదలైంది. మలుపు మాత్రం రాలేదు. ఉస్తాద్‌కు మాట పోయాక వేలు కదిపేవాడు. అదే మల్ల.

వానలు పడకముందే ఉస్తాద్ పోయాడు. ఆ రోజు తుకారాం ఎర్ర కోటు వేసుకోలేదు. శ్యామలమ్మ ఏడ్చింది, నేనూ ఏడ్చాను. అతను క్లారినెట్ రీడ్‌ను నోట్లో తడుపుతూ నిలబడ్డాడు.

"ఏం అనిపిస్తలేదన్నా," అన్నాడు నాతో. నిజమే చెప్పాడు, ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది.

సగం దారిలో దింపుడు కల్లం దగ్గర పాడె దించారు. పోయిన మనిషి లేస్తాడేమోనన్న ఆఖరి ఆశతో చెవిలో పిలిచే చోటు అది. కొడుకు వంగి "నాయినా" అని మూడుసార్లు పిలిచాడు. ఉస్తాద్ పలకలేదు. పెద్దమనిషి ఒకాయన తుకారాం వైపు చూసి, కానియ్యమని సైగ చేశాడు.

డోలు ఆపించి తుకారాం ఒక్కడే ఎత్తుకున్నాడు. పాట పైకి వెళ్లింది. మలుపు వస్తోందని నాకు తెలుసు, నేను ఊపిరి బిగపట్టాను. అతని ఊపిరి తెగలేదు. తప్పు లేకుండా, మెట్లు దిగినంత మామూలుగా దిగాడు.

దిగి, ఆగిపోయాడు. పాట ఇంకా ఉంది. క్లారినెట్ నోట్లోంచి తీసి, పాడె మీది చేతినే చూస్తున్నాడు. జనం ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు.

"అయిపోయిందా? లేపుదమా?" అన్నారెవరో.

"ఆగుండ్రి," అన్నాడు తుకారాం. "ఉస్తాద్ ఇంకా ఏం అనలే."

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఇన్నాళ్లూ ఆ గుమ్మంలో కూర్చుని విన్నవాణ్ని, నాకు అర్థమైంది. పక్కకు వెళ్లి అతని చెవి దగ్గర నోరు పెట్టి, "మల్ల" అన్నాను.

తుకారాం భుజాలు ఒక్కసారి అదిరాయి. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. ఆ ఏడుపుతోనే పాట మొదటినుంచి ఎత్తుకున్నాడు.