మిగిలిపోయిన రెండు "రమ్ము"లు

ప్లేయరు ఎప్పుడో మూలపడింది కదా అని, మా ఇంటి పాత కీర్తనల రికార్డుని విశాఖలో ఒకాయనకిచ్చి డిజిటల్‌గా బాగుచేయించాను. ఈ సాయంత్రం కోటబొమ్మాళిలో, ప్రార్థన వేళకి అమ్మ పక్కన కూర్చుని ఫోన్లో పెట్టాను. గరగర లేదు. హార్మోనియం ఎదురుగా వాయిస్తున్నట్టే ఉంది.

ఆ రికార్డు మీద మా చెల్లి నాలుగేళ్లప్పుడు పిన్నీసుతో గీత గీసింది. అదే ఏడు జ్వరంతో పోయింది. ఆ గీత దగ్గర ముల్లు వెనక్కి గెంతి, "రమ్ము" అన్న మాట మూడుసార్లు వచ్చేది. మాకు ఆ కీర్తన అలాగే వచ్చు. చర్చిలో కూడా మూడుసార్లే పాడి మిగతావాళ్లకి అడ్డం పడుతుంటాం.

ఇవాళ ఫోను ఒక్క "రమ్ము" అని ముందుకెళ్లిపోయింది. మేమిద్దరం మిగతా రెండూ పాడుతూ వెనకబడిపోయాం.

"పాట బాగానే ఉన్నాదిరా. మరి పాప ఏటైపోనాది?" అంది అమ్మ.

"గీత తీసీసినారమ్మా."

"ఎవులు తీసీమన్నారు?"

నేనే. శబ్దం బాగుపడింది, కాదనను. కానీ ఆ ఒక్క గీతా మళ్లీ గీసిపెట్టేవాళ్లు మీకెవరైనా తెలిస్తే చెప్పండి.

వంటింట్లో అమ్మ మిగిలిన ఆ రెండు "రమ్ము"లూ పాడుతూనే ఉంది.